చైనీస్ రాత నేర్చుకునేవాళ్లకు గీతల వరుస ఎంత ముఖ్యం?

కొత్తపలక:

అందరికీ నమస్కారం. ఈ మధ్యే సాయంత్రం పూట ఆన్‌లైన్‌లో చైనీస్ క్లాసులు మొదలుపెట్టాను. మాట్లాడటం, వినడం మెల్లగా పట్టుబడుతున్నాయి. రాత దగ్గరికి వచ్చేసరికే టెన్షన్. ప్రతి అక్షరంలో ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అని మా టీచర్ చాలా పట్టుగా ఉంటారు. గీతలన్నీ సరైన చోటే ఉన్నా, వరుస మారితే మళ్లీ రాయమంటారు.

రాయడం పూర్తయ్యాక కాగితం మీద కనిపించే ఆకారం ఒకటే కదా, ఏ గీత ముందు పడితే ఏమవుతుంది? చైనాలో కూడా ఇప్పుడు చాలామంది ఫోన్లో పిన్‌యిన్, అంటే ఉచ్చారణను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, అక్షరం ఎంచుకుంటున్నారు. ఇంత శ్రమ నిజంగా అవసరమా?

ఇంకో చిన్న సందేహం. ఖోవ్, అంటే నోరు అనే అక్షరం చూడటానికి నాలుగు పక్కలున్న పెట్టె. దానికి మూడే గీతలని పుస్తకంలో ఉంది. అదెలా?

శ్రీసిటీ_దుబాసీ:

నేను ఫ్యాక్టరీలో చైనా ఇంజినీర్లకూ మనవాళ్లకూ మధ్య అనువాదం చేస్తాను. ఉద్యోగం కోసమే నేర్చుకుంటున్నట్టయితే రాత మీద ఎక్కువ సమయం పెట్టకండి. రోజంతా వీచాట్ మెసేజీలు, మెషీన్ మాన్యువళ్లు, మీటింగులు. అన్నీ చదవడం, వినడం, టైప్ చేయడమే. పెన్ను పట్టి చైనీస్ రాయాల్సి వచ్చేది వైట్‌బోర్డు దగ్గర, షిఫ్టు రిజిస్టరులో రెండు ముక్కలు రాసేటప్పుడు. టోన్లు, అంటే పలికేటప్పుడు గొంతు ఎత్తు తగ్గులు, గట్టిగా ఉంటే అవే అన్నం పెడతాయి. గీతల వరుస తెలిస్తే మంచిదే, కానీ దానికోసం మిగతావి ఆపుకోవద్దు.

చైనీస్_మాస్టారు:

కొత్తపలక గారూ, ముందు మీ చిన్న సందేహం తీరుస్తాను. పెద్దదానికి జవాబు కూడా అందులోంచే వస్తుంది.

పెన్ను కాగితం మీద ఆన్చినప్పటి నుంచి పైకి ఎత్తేదాకా పడేదంతా చైనీస్ లెక్కలో ఒక్క గీత. మధ్యలో ఎన్ని మలుపులు తిరిగినా సరే. ఖోవ్‌లో ఎడమ నిలువుగీత మొదటిది. పైన అడ్డంగా వెళ్లి, కుడి మూలలో విరిగి, కిందికి దిగేది రెండోది. అడుగున మూసే అడ్డగీత మూడోది. అంటే అక్షరాన్ని గీతల సంఖ్యతో లెక్కపెట్టడంలోనే చేతి కదలిక దాగి ఉంది. కంటికి నాలుగు పక్కలు కనిపిస్తాయి, చేతికి మూడు కదలికలే.

మూల గీతలు కొన్నే. అడ్డగీత హెంగ్, నిలువుగీత షు, ఎడమకు వాలేది ప్యే, కుడికి వాలేది నా, చుక్క డియెన్, కింది నుంచి పైకి ఎగదోసేది థీ, చివర్లో లాగే కొక్కెం గోవ్, విరుపు జె. మిగతావన్నీ వీటి కలయికలే. శాశ్వతం అనే అర్థమున్న యుంగ్ అక్షరంలో ఎనిమిది రకాల కలం పోకడలు కనిపిస్తాయి. అందుకే చేతిరాత కళ నేర్పేవాళ్లు తరతరాలుగా దానితో సాధన చేయించారు.

సూత్రాలు కూడా కష్టమైనవి కావు. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి రాస్తారు. పది అనే షి అక్షరంలా రెండు గీతలు అడ్డంగా దాటుకుంటే అడ్డగీత ముందు, నిలువుగీత తర్వాత. మనిషి అనే రెన్‌లో ఎడమకు వాలేది ముందు, కుడికి వాలేది తర్వాత. చిన్న అనే ష్యావ్‌లో, నీరు అనే ష్వేలో నడుమ గీత ముందు పడుతుంది. అది ఇరుసులా నిలబడితే రెండు పక్కలా సమానంగా సర్దడం తేలిక. దేశం అనే గ్వోలో ఎడమ నిలువుగీత, పైన విరిగి దిగే గీత, ఆ తర్వాత లోపలి భాగం మొత్తం, చివరికి అడుగున మూసే గీత. ముందే నాలుగు పక్కలా మూసేస్తే లోపలి భాగం ఇరుక్కుపోతుంది. చివర్లో మూస్తే, లోపల ఎంత నిండిందో చూసుకుని అడుగు గీతను దానికి తగ్గట్టు గీస్తాం.

ఇవి ఎవరో బల్ల మీద కూర్చుని పెట్టిన శాసనాలు కావు. కుడిచేత్తో కుంచె పట్టి రాసిన జనం వందల ఏళ్లలో కనిపెట్టిన దగ్గరి దారులు. ఒక గీత ముగిసిన చోటికి తర్వాతి గీత మొదలయ్యే చోటు వీలైనంత దగ్గరగా ఉంటుంది. పెన్ను గాలిలో తక్కువ తిరుగుతుంది. అదే వరుసలో రాసినప్పుడు చెయ్యి అక్షరాన్ని ఒక ఊపుగా గుర్తుపెట్టుకుంటుంది. చైనావాళ్లు ఏదైనా అక్షరం మరిచిపోతే అరచేతిలో వేలితో రాసుకుని చూడటం మీరు గమనించే ఉంటారు. ప్రతిసారీ వేరే వరుసలో రాసేవాళ్లకు ఆ ఊతం ఉండదు.

టైపింగ్ సంగతి. పిన్‌యిన్ ఒక్కటే దారి కాదు. గీతలతో టైప్ చేసే పద్ధతి ఒకటుంది. అడ్డగీతకు 1, నిలువుగీతకు 2, ఎడమ వాలుకు 3, చుక్కకూ కుడి వాలుకూ 4, విరుపులన్నిటికీ 5. ఐదే మీటలు. పిన్‌యిన్ అలవాటు లేని పెద్దవాళ్లు దీన్ని వాడతారు. ఇందులో వరుస తప్పితే కావలసిన అక్షరం తెర మీదికి రాదు.

కొత్తపలక:

మాస్టారూ, చాలా థ్యాంక్స్. పెట్టె చివర్లో ఎందుకు మూయాలో ఇప్పుడు అర్థమైంది. ఒక చోట మాత్రం ఇంకా చిక్కు ఉంది. ష్యావ్‌లో నడుమ గీత ముందు అన్నారు. మరి నిప్పు అనే హ్వోలో నడుమ మనిషి ఆకారం ఉంది, అటూ ఇటూ రెండు చుక్కలు. యాప్‌లో చుక్కలే ముందు పడుతున్నాయి. సూత్రం ఇక్కడ ఎందుకు మారింది?

చైనీస్_మాస్టారు:

అది మినహాయింపు. హ్వోలో ఎడమ చుక్క, కుడి పక్క చిన్న వాలు గీత, తర్వాత నడుమ రెన్. మనసుకు సంబంధించిన అక్షరాలకు ఎడమ పక్కన వచ్చే నిలువు గుర్తు (గుర్తు అంటే చాలా అక్షరాల్లో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క) కూడా అంతే. రెండు చుక్కలు ముందు, నిలువుగీత చివర. సూత్రాలు ఎక్కువ అక్షరాలకు సరిపోతాయి, కొన్నింటిని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. కుడి పైమూల చుక్క మరో సంగతి. పుస్తకం అనే షూలో, నేను అనే వోలో ఆ చుక్క పై భాగంలో ఉన్నా అన్నిటికంటే చివర పడుతుంది. నడక గుర్తు ఉన్న అక్షరాల్లో ఆ గుర్తు ఎడమ పక్కన మొదలై అడుగుదాకా పరుచుకున్నా, లోపలి భాగం రాశాకే దాన్ని రాస్తారు. పడవ మీద సరుకు ఎక్కించినట్టు కనిపిస్తుంది కానీ పడవే చివర వస్తుంది.

వైద్యవిద్యార్థి:

నేను చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. ఇక్కడ మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఇంగ్లిష్ మీడియంలో చదివే విదేశీ విద్యార్థులు కూడా పట్టా తీసుకునే నాటికి చైనీస్ భాషా సామర్థ్య ప్రమాణంలో నాలుగో స్థాయి చేరుకోవాలని 2018లో ఇక్కడి విద్యాశాఖ ప్రమాణం పెట్టింది. కాబట్టి మాకు ఇది సరదా కాదు.

దుబాసీ గారు చెప్పింది ఆఫీసు పనికి నిజమే. ఆసుపత్రి వార్డులో మాత్రం వేరే. రికార్డులు కంప్యూటర్లో ఉన్నా, సీనియర్ డాక్టర్లు చేత్తో రాసిచ్చే చీటీలు, బోర్డు మీద రాసే సూచనలు రోజూ చదవాలి. అవి అచ్చు అక్షరాల్లా ఉండవు. వేగంగా రాసేటప్పుడు గీతలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. ఎలా కలుస్తాయన్నది వరుసను బట్టే ఉంటుంది.

ఉదాహరణకు ఎడమ పక్కన వచ్చే మూడు చుక్కల నీటి గుర్తు. పై రెండూ చుక్కలు, మూడోది కింది నుంచి పైకి ఎగదోసే గీత. వేగంగా రాస్తే పై చుక్క ఒకటి విడిగా మిగులుతుంది, కింది రెండూ కలిసిపోయి కిందికి దిగి మళ్లీ పైకి లేచే ఒకే గీతగా మారతాయి. మూడో గీత పైకి లేస్తుందని చేతికి తెలిసినవాళ్లకు అది చూడగానే నీటి గుర్తు అని తట్టేస్తుంది. తెలియనివాళ్లకు అది పిచ్చిగీతలాగే ఉంటుంది.

మా చదువులో ఎక్కువగా రాసేది జబ్బు గుర్తు. వ్యాధి, నొప్పి, అంటురోగం, వీటన్నిటి నెత్తిన అదే ఉంటుంది. ఐదు గీతలు: చుక్క, అడ్డగీత, ఎడమకు దిగే పొడవాటి వాలు, తర్వాత పక్కన చుక్క, దాని కింద పైకి ఎగదోసే గీత. ఇది ఒక్కసారి చేతికి వస్తే ఇక ఎన్నో పదాలకు పునాది పడినట్టే. అందుకే మొదట గుర్తులు నేర్చుకోమని నా సలహా. అక్షరాన్ని గీతలుగా కాకుండా ముక్కలుగా రాస్తారు. ముక్క లోపలి వరుస ఇక ఆలోచించకుండా వచ్చేస్తుంది.

సింగపూర్_అమ్మ:

మా పాప ఇక్కడి స్కూల్లో చైనీస్ తీసుకుంది. ఇంట్లో మాకెవరికీ ఆ భాష రాదు కాబట్టి దాని పుస్తకాలతో పాటు నేనూ నేర్చుకుంటున్నాను. ఇక్కడ థింగ్‌ష్యే అని ఉంటుంది, అంటే టీచర్ పదం పలికితే పిల్లలు చూడకుండా రాయాలి. రాతలో పట్టు లేకపోతే ఆ పరీక్ష ముందు రాత్రి ఇంట్లో అందరికీ నిద్ర ఉండదు.

నాకు బాగా నచ్చినది వాళ్లు నేర్పే పద్ధతి. కొత్త అక్షరం వస్తే ముందు పెన్సిల్ పట్టనివ్వరు. పిల్లలందరూ చెయ్యి పైకెత్తి గాలిలో రాస్తారు, ఒక్కో గీత పేరు పైకి చెబుతూ. హెంగ్, షు, ప్యే, నా అంటూ క్లాసంతా ఒకేసారి. చేయి, నోరు, కన్ను మూడూ కలిసి పనిచేస్తాయి. తర్వాత ఎర్రగా అచ్చువేసిన అక్షరాల మీద రాయిస్తారు. దాన్ని మ్యావ్‌హుంగ్ అంటారు. మనం అక్షరాభ్యాసం అప్పుడు పళ్లెంలో బియ్యం పోసి దిద్దించినట్టే, పలక మీద అఆలు దిద్దించినట్టే. ఆ దిద్దుడు అయ్యాకే ఖాళీ గడిలో సొంతంగా.

గడుల పుస్తకం కూడా ముఖ్యమే అండీ. ఒక్కో గడి మధ్యలో అడ్డంగా, నిలువుగా చుక్కల గీతలుంటే దాన్ని పొలం గడి అంటారు, ఎందుకంటే పొలం అనే అక్షరం అలాగే ఉంటుంది. మూలల నుంచి మూలలకు కూడా గీతలుంటే బియ్యం గడి. వాలు గీతలు సరిగ్గా రావాలంటే పెద్దవాళ్లకు బియ్యం గడి బాగుంటుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోండి.

టోక్యో_రైలు:

నేను జపాన్‌లో ఉంటాను, నేను నేర్చుకున్నది కాంజీ, అంటే జపాన్ భాషలో వాడే చైనీస్ అక్షరాలు. ఒకటి హెచ్చరిక చేయాలనిపించింది. సరైన వరుస అనేది ప్రపంచమంతా ఒకటి కాదు.

రాజు అనే వాంగ్ చూడండి, మూడు అడ్డగీతలు, నడుమ ఒక నిలువుగీత. చైనాలో అడ్డం, అడ్డం, నిలువు, అడ్డం. జపాన్‌లో అడ్డం, నిలువు, అడ్డం, అడ్డం. పొలం అక్షరంలో, చుట్టూ గీశాక చైనాలో లోపలి అడ్డగీత ముందు, జపాన్‌లో నిలువుగీత ముందు. బయటికి వెళ్లడం అనే ఛూ అక్షరంలో పొడవాటి నడుమ గీత జపాన్‌లో మొదటిది, చైనాలో మూడోది. కుడి, ఎడమ అనే రెండు అక్షరాల పై భాగం ఒకేలా ఉంటుంది. చైనాలో రెండింటికీ అడ్డగీతే ముందు. జపాన్‌లో ఎడమకు అడ్డగీత ముందు, కుడికి వాలు గీత ముందు. తప్పకుండా అనే అర్థమున్న బీ అక్షరం అయితే పూర్తిగా వేరే. చైనాలో ఎడమ చుక్కతో మొదలు, జపాన్‌లో పైన ఉన్న చుక్కతో మొదలు.

కాబట్టి యూట్యూబ్‌లో కనిపించిన ప్రతి వీడియోనూ నమ్మకండి. అది జపాన్ కాంజీ వీడియోనా, చైనా వీడియోనా, తైవాన్‌దా చూసుకోండి.

శ్రీసిటీ_దుబాసీ:

టోక్యో గారి పోస్టుతో నా వాదనకు బలం వచ్చింది. దేశానికో వరుస ఉన్నప్పుడు, అది అక్షరం ప్రాణం అయితే కాదు కదా? ఇంకోటి. చైనాయే 2021లో తెచ్చిన కొత్త భాషా స్థాయిల ప్రమాణంలో, తొమ్మిది స్థాయిలూ కలిపి గుర్తుపట్టాల్సిన అక్షరాలు 3000 అయితే, చేత్తో రాయాల్సినవి 1200 మాత్రమే. అందులో మొదటి మూడు స్థాయిలకు కలిపి 300. చదవడానికీ రాయడానికీ మధ్య అంత తేడా చైనావాళ్లే ఒప్పుకున్నారు. నేను చెబుతున్నదీ అదే.

చైనీస్_మాస్టారు:

దుబాసీ గారూ, 300 లెక్క మీద మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. చేత్తో రాయాల్సిన అక్షరాల సంఖ్య తగ్గించుకోవడం తెలివైన పనే. నా పట్టు ఆ తగ్గిన అక్షరాల విషయంలోనే. 300 రాసినా వాటిని ఒకే వరుసలో రాయాలి. ఆ 300లోనే దాదాపు అన్ని ముఖ్యమైన గుర్తులూ వచ్చేస్తాయి. తర్వాత కేవలం చదవడం కోసం చూసే అక్షరాలను కూడా కన్ను ఆ ముక్కలుగానే విడదీస్తుంది. రాత తక్కువ, చదువు ఎక్కువ అన్న మీ పద్ధతి నిలబడేది ఆ పునాది మీదే.

దేశానికో వరుస గురించి. నిజమే, కానీ ఏ దేశంలోనూ ఇష్టమొచ్చిన వరుస కాదు. చైనా 1997లో 7000 అక్షరాలకు వరుసలను ప్రమాణంగా ప్రకటించింది. 2013లో 8105 అక్షరాల జాబితా వచ్చాక, దానికి తగ్గట్టు కొత్త ప్రమాణం 2021 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. తైవాన్ విద్యాశాఖ 1996లో తన పుస్తకం తెచ్చింది. జపాన్‌లో 1958లో విద్యాశాఖ 881 అక్షరాలకు మార్గదర్శిని ఇచ్చింది. అందులో లేని వరుసలు తప్పని తాము అనడం లేదని కూడా అందులోనే రాశారు. ఆ మాట నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది.

అన్నిటిలోనూ ఉమ్మడి అక్షరాల్లో చాలావాటికి వరుస ఒకటే. తేడాలు ఉన్నవి కొన్నే. మీరు సరళ చైనీస్, అంటే చైనాలో వాడే సులభం చేసిన అక్షరాలు, నేర్చుకుంటున్నారు కాబట్టి చైనా వరుస పట్టుకోండి. మధ్యలో మార్చకండి.

వరుస ఉపయోగం రాత దగ్గరే ఆగదు. చైనాలో కమిటీ సభ్యుల పేర్ల జాబితాలు చాలాచోట్ల ఇంటిపేరులోని గీతల సంఖ్యను బట్టి ఉంటాయి. రెండు గీతల డింగ్ ఇంటిపేరువాళ్లు నాలుగు గీతల వాంగ్‌వాళ్ల కంటే ముందు. సంఖ్య సమానమైతే మొదటి గీత ఏ రకమో చూస్తారు: అడ్డం, నిలువు, ఎడమ వాలు, చుక్క, విరుపు అనే క్రమంలో. ఎవరినీ పెద్దా చిన్నా అనకుండా పేర్లు పేర్చడానికి ఇది వాళ్లకు మన అకారాది క్రమంలా పనికొస్తుంది. నిఘంటువులో గుర్తు ద్వారా వెతికేటప్పుడూ, గుర్తు పోగా మిగిలిన గీతలు లెక్కపెట్టాలి. మూల విరుపును రెండు గీతలుగా లెక్కిస్తే వేరే పేజీకి వెళ్లిపోతాం.

ఎడమచేతి_వాటం:

ఈ దారంలో ఎవరూ ఎడమచేతివాళ్ల గురించి రాయలేదు. కుడిచేతివాళ్ల కోసం పుట్టిన దగ్గరి దారి మాకు దూరం కదా? అడ్డగీత ఎడమ నుంచి కుడికి గీస్తే మేము పెన్నును లాగం, తోస్తాం. వరుస మార్చుకోవచ్చా?

చైనీస్_మాస్టారు:

న్యాయమైన ప్రశ్న. నా దగ్గర నేర్చుకున్న ఎడమచేతివాళ్లకు నేను చెప్పేది: వరుస మార్చకండి, దిక్కు కూడా మార్చకండి. కాగితాన్ని కుడి వైపుకు కొద్దిగా వాల్చండి, చెయ్యి రాతకు కింద ఉండేలా చూసుకోండి. జెల్ పెన్ను త్వరగా ఆరేది తీసుకోండి. అడ్డగీత మొదట్లో వంకర పోతుంది, అది అలవాటుతో సర్దుకుంటుంది. మీరు కుడి నుంచి ఎడమకు గీస్తే గీత చివరి కొక్కెం, ఎగదోయడం అన్నీ తిరగబడతాయి. వేగంగా రాసినప్పుడు ఎదుటివాళ్లు చదవలేరు. చైనాలో ఒకప్పుడు పిల్లలను బలవంతంగా కుడిచేతికి మార్చేవారు. అలాంటి పని మాత్రం చేయొద్దు. మీ చేత్తోనే, అదే వరుసలో.

సింగపూర్_అమ్మ:

మా పాప స్నేహితురాలు ఎడమచేత్తోనే రాస్తుంది, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ధైర్యంగా రాయండి.

కొత్తపలక:

అందరికీ ధన్యవాదాలు. దుబాసీ గారి లెక్క ప్రకారం మొదట 300 మాత్రమే చేత్తో రాస్తాను, మాస్టారు చెప్పినట్టు చైనా వరుసలోనే. ప్లెకో అనే చైనీస్ నిఘంటువు యాప్‌లో గీతలు ఒక్కొక్కటిగా పడే యానిమేషన్ పెట్టుకున్నాను.

దాన్ని చూస్తుంటే ఇంకో ప్రశ్న వచ్చింది. ఆవు అనే నియోవ్ అక్షరం విడిగా రాసేటప్పుడు నిలువుగీత చివర పడుతోంది. అదే వస్తువు అనే వూ అక్షరంలో ఎడమ పక్కన చేరినప్పుడు నిలువుగీత మూడోది, కింది అడ్డగీత చివరిది. ఒకే గుర్తుకు రెండు వరుసలా? యాప్‌లో తప్పుందా?

చైనీస్_మాస్టారు:

యాప్‌లో తప్పు లేదు. మీరు జాగ్రత్తగా చూస్తున్నారు, సంతోషం.

విడిగా ఉన్నప్పుడు: ఎడమ చిన్న వాలు, అడ్డగీత, అడ్డగీత, నిలువుగీత. ఎడమ పక్కన చేరినప్పుడు: వాలు, అడ్డగీత, నిలువుగీత, చివరికి కింది అడ్డగీత పైకి ఎగదోసే థీగా మారుతుంది. కారణం చేతి దారే. ఎడమ ముక్క అయిపోగానే పెన్ను కుడి ముక్క మొదలుకి, అంటే కుడి పైభాగానికి వెళ్లాలి. నిలువుగీత చివర పడితే పెన్ను అడుగున చిక్కుకుంటుంది. ఎగదోసే గీత చివర పడితే పెన్ను ముక్కు అప్పటికే కుడి పైకి తిరిగి ఉంటుంది. అందుకే ఆఖరి గీతను పైకి తోసేలా వరుసను మార్చారు.

బండి అనే ఛె అక్షరమూ ఇంతే. విడిగా నిలువుగీత చివర. తేలిక అనే ఛింగ్‌లో ఎడమ పక్కన చేరగానే నిలువుగీత మూడోదై, థీ చివర వస్తుంది.

వైద్యవిద్యార్థి:

మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మట్టి గుర్తు, రాజు గుర్తు ఎడమ పక్కకు వచ్చినా వరుస మారదు, ఎందుకంటే వాటిలో కింది అడ్డగీత మామూలుగానే చివరిది. దాని ఆకారం ఒక్కటే మారి పైకి ఎగదోసినట్టు అవుతుంది. ఆవు, బండి, మట్టి, రాజు ఈ నాలుగింటినీ విడిగా ఒకసారి, ఎడమ పక్కన పెట్టి ఒకసారి బియ్యం గడిలో పక్కపక్కనే రాయండి కొత్తపలక గారూ. రేపు ఫొటో పెడితే చూస్తాం.